తిరుపతి లాడ్జి సైట్ హ్యాక్ అయింది, ఆ కోడ్ రాసింది నేనే

ముందే ఒప్పేసుకుంటా, ఇది వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టి వాయించే కేస్ స్టడీ కాదు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో 42 గదుల లాడ్జి ఒకటుంది, దానికి 2015లో బుకింగ్ సైట్ చేసిచ్చింది నేనే. అప్పటికి ఎంసీఏ అయిపోయి ఏడాది కూడా కాలేదు, సైట్లు రాసే భాష పీహెచ్‌పీ వచ్చంటే వచ్చు అన్న రోజులు. నెట్‌లో దొరికిన ట్యుటోరియల్ పక్కన పెట్టుకుని 18,000 రూపాయలకు రాసిన కోడ్ అది. తర్వాత ఎన్నిసార్లు లాడ్జి ముందు నుంచి బండి మీద పోయినా, ఆ సైట్ తెరిచి ఒక్కసారి చూద్దామని అనిపించలేదు. లాడ్జి పేరు, ఓనరు పేరు రాయను. ఆయన్ని నేను అన్నా అనే పిలుస్తాను, ఇక్కడా అన్నే.

పోయిన బ్రహ్మోత్సవాలకు మూడు వారాల ముందు పొద్దున్నే ఫోన్. "ఏమప్పా, మన సైటు తెరిస్తే ఏందో చెప్పుల అంగడి వస్తా ఉండాది, మద్రాసు పార్టీ వాళ్లు ఫోన్ చేసి నవ్వతా ఉండారు." నేను ల్యాప్‌టాప్‌లో అడ్రస్ కొట్టి చూశాను, సైట్ బ్రహ్మాండంగా ఉంది. "వాళ్ల ఫోన్‌లోనే ఏదో వైరస్ ఉంటుందన్నా" అని చెప్పి పెట్టేశాను. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు ఫోన్ చేశారట. అప్పుడు గాని గూగుల్‌లో లాడ్జి పేరు కొట్టి చూడాలని తోచలేదు. చూస్తే లాడ్జి పేరు కింద జపనీస్ అక్షరాలు, దాని మీద నొక్కితే ఎక్కడిదో నకిలీ బూట్ల షాపు.

ఈ ఎత్తు పాతదే. చొరబడినవాడు పెట్టిన కోడ్ ముందు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూస్తుంది. నేరుగా అడ్రస్ కొట్టి వస్తే అసలు సైట్ చూపిస్తుంది, ఎందుకంటే అలా వచ్చేది ఎక్కువగా ఓనరూ డెవలపరే. గూగుల్ నుంచి వస్తే బూట్ల షాపుకు తోలేస్తుంది, సైట్లన్నీ చదువుకుంటూ పోయే గూగుల్ బాట్ ప్రోగ్రామే వస్తే జపనీస్ పేజీలు వడ్డిస్తుంది. మీ క్లయింటు "సైట్ ఏదోలా ఉంది" అంటే "నాకు బాగానే కనిపిస్తోంది" అని మాత్రం జవాబివ్వకండి. గూగుల్ మీదుగా వెళ్లి, ఫోన్‌లో, లాగిన్ లేకుండా చూశాకే నోరు విప్పండి.

ఇక నా మొదటి రెండు రోజుల ఘనకార్యం. సైట్‌లో ముందుగా తెరుచుకునే ఇండెక్స్ ఫైల్ మొదట్లో ఒక పొడవాటి లైను కనిపించింది, కోడ్‌ను బేస్64 అనే గజిబిజి అక్షరాల్లో మూటగట్టి, ఎవాల్ అనే ఆజ్ఞతో విప్పి నడిపే రకం. తీసేశాను, హోస్టింగ్ పాస్‌వర్డ్ మార్చాను, "అయిపోయిందన్నా" అన్నాను. రెండు రోజులకు మళ్లీ బూట్లు. ఈసారి పోయిన వారం బ్యాకప్ ఎక్కించాను. ఆ రాత్రే మళ్లీ బూట్లు. తర్వాత తెలిసింది, బ్యాకప్‌లోనే దొంగ ఉన్నాడు. పైగా క్రాన్‌లో, అంటే సర్వర్ టైమ్ ప్రకారం తనంతట తానే చేసే పనుల జాబితాలో, ఒక పని పెట్టిపోయాడు, నేను ఇండెక్స్ ఫైల్ బాగుచేసిన పది నిమిషాలకు అది మళ్లీ చెడగొడుతోంది. ఇంట్లో దొంగ పడితే తలుపు సంగతి వదిలేసి గచ్చు కడిగినట్టు ఉంది నా పని.

మూడోసారి ఏ ఫైలూ ముట్టుకోలేదు. సైట్ పక్కకు పెట్టి, లాడ్జి ఫోన్ నంబరుతో ఒక్క పేజీ, ఉత్త హెచ్‌టీఎంఎల్, పైకి ఎక్కించాను. ఫైళ్లు, డేటాబేస్, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) మొత్తం కాపీ తీసుకున్నాను. శుభ్రం చేసేముందు కాపీ తీయడం ఎందుకంటే, ఆ చెత్తలోనే దారి దొరుకుతుంది. మొదటి రెండుసార్లు నేను ఊడ్చి పారేసింది ఆ ఆధారాలనే.

లాగ్‌లో కనిపించింది

మా హోస్టింగ్ ప్లాన్‌లో యాక్సెస్ లాగ్‌లు ఒక నెలవే ఉన్నాయి. అదృష్టం బాగుండి దొంగతనం ఆ నెలలోనే జరిగింది. బాలాజీ కాలనీలో ఉన్న నా గదిలో రాత్రి పదకొండుకు కూర్చుని, ముందు ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఫొటోలు పెట్టే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి పోస్ట్ రిక్వెస్టులు ఎందుకు వస్తాయి? ఫొటోను ఎవరైనా చూస్తారు, అంటే గెట్. ఫొటోకు ఎవరూ ఏమీ పంపించరు, అంటే పోస్ట్ ఉండకూడదు. వెతికితే 61 పోస్ట్‌లు, అన్నీ ఒకే ఫైలుకు. పేరు చూస్తే గది ఫొటో లాగే ఉంది, చివర మాత్రం జేపీజీ కాదు, పీహెచ్‌టీఎంఎల్. నా అప్‌లోడ్ కోడ్ "చివర పీహెచ్‌పీ ఉంటే వద్దు" అని చూసేది. పీహెచ్‌టీఎంఎల్‌ని కూడా సర్వర్ పీహెచ్‌పీ లాగే నడిపిస్తుందని 2015లో నాకు తెలియదు.

ఆ ఫైలు మొదటిసారి ఎప్పుడు కనిపించిందో అక్కడి నుంచి వెనక్కి నడిచాను. అదే ఐపీ, అదే రోజు తెల్లవారుజాము. మొదట గది వివరాల పేజీ, ఐడీ 7. పేజీ సైజు 18,212 బైట్లు. రెండు సెకన్లకు అదే పేజీ, ఐడీ 7 పక్కన %27. లాగ్‌లో కొటేషన్ గుర్తు అలాగే కనిపిస్తుంది. స్టేటస్ 200, అంటే అంతా బాగుందని సర్వర్ జవాబు, సైజు మాత్రం 214 బైట్లు. అక్కడ నాకు నిద్ర మత్తు వదిలింది. క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, తప్పితే డేటాబేస్ చెప్పిన ఎర్రర్‌ను అలాగే పేజీ మీద అచ్చేసి ఆగిపోమని నేనే రాశాను, అందుకే స్టేటస్ 200 అని వస్తోంది. సర్వర్ ఎర్రర్ అని చెప్పే 500లు వెతుక్కుంటూ పోతే ఈ లైను జన్మలో దొరికేది కాదు, పట్టిచ్చింది సైజు. తర్వాత ఆర్డర్ బై 1, 2, 3 అంటూ 10 దాకా మామూలు సైజు, 11 దగ్గర మళ్లీ చిన్న సైజు. అంటే టేబుల్ నుంచి ఎన్ని కాలమ్‌లు తీస్తున్నామో వాడు లెక్కపెట్టేశాడు. ఆపైన ఇంకో టేబుల్‌లోది కూడా కలిపి ఇమ్మనే యూనియన్ సెలెక్ట్‌లు వరసగా. నలభై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అడ్మిన్ లాగిన్ పేజీకి ఒక పోస్ట్, జవాబు 302.

పోస్ట్‌లో ఏం పంపాడో యాక్సెస్ లాగ్‌లో ఉండదు. కానీ మా లాగిన్ తప్పితే అదే పేజీ మళ్లీ వస్తుంది, అంటే 200. సరిపోతే లోపలికి పంపుతుంది, అంటే 302. ఒకే ప్రయత్నం, ఒకే 302. పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకునే వచ్చాడు. ఆ నలభై నిమిషాలు ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. పాస్‌వర్డ్‌లను నేను ఎండీ5 అనే పాత పద్ధతిలో 32 అక్షరాలుగా మార్చి దాచాను, ఒక్కోదానికి వేరుగా కలపాల్సిన సాల్ట్ అనే అదనపు అక్షరాలూ లేవు. ఆ 32 అక్షరాలు దొరికాక దాన్ని విప్పడం ఎంతసేపు, పాస్‌వర్డేమో లాడ్జి పేరు పక్కన 123. ఆ తర్వాత గ్యాలరీలోకి వెళ్లి "ఫొటో" ఎక్కించాడు. అంతే కథ.

ఐపీ చూసి ఫలానా దేశంవాడు అని తేల్చేయకండి, అది అద్దె సర్వర్ కావచ్చు, మన సైట్ లాంటి ఇంకో అమాయకుడి సైట్ కావచ్చు. అన్న మాత్రం పట్టుబట్టి అడిగాడు, "మన పక్క లాడ్జోళ్లేమో చూడప్పా". కాదన్నా, వీళ్లకు లాడ్జి అయినా ఒకటే ఇడ్లీ అంగడి అయినా ఒకటే, ఊర్లన్నీ తిరిగి తాళం లేని తలుపులు తోసి చూసే బాట్‌లు ఇవి, మనది తెరుచుకుంది అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఎస్కేప్ చేశాం కదా అనుకున్నాను

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇక్కడే. ఇన్‌పుట్‌లో డేటాబేస్ ఆజ్ఞలు దూర్చే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే మాట నాకు అప్పుడే తెలుసు. ఇదేం కొత్త జబ్బు కాదు, 1998లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో దీని గురించి రాశారు. అందుకే ప్రతి ఇన్‌పుట్‌నూ ఎస్కేప్ ఫంక్షన్ గుండా పంపాను, మంచి పని చేశానని గర్వం కూడా. కానీ ఎస్కేప్ చేసేది, అంటే పనిచేయకుండా కట్టేసేది, కొటేషన్ గుర్తుల్ని. పేరు, ఊరు లాంటివి క్వెరీలో కొటేషన్ల మధ్య ఉంటాయి కాబట్టి అక్కడ పనిచేసింది. గది ఐడీ అంకె, దాని చుట్టూ కొటేషన్లు లేవు. ఆ చోటికి యూనియన్ సెలెక్ట్ అని రాసి పంపడానికి వాడికి కొటేషన్ గుర్తే అక్కర్లేదు. గేటుకు తాళం వేశాను గాని కాంపౌండు గోడే కట్టలేదు.

అన్నకు ఎలా చెప్పాలో తెలియక లాడ్జి భాషలోనే చెప్పాను. కౌంటర్‌లో గుమాస్తా చీటీ మీద "ఈయనకు గది తెరువు" అని రాసి, పేరు రాసుకోమని చీటీని వచ్చినాయన చేతికే ఇచ్చాడనుకో. ఆయన పేరు రాసి, పక్కనే "అట్లే గల్లాపెట్టె కూడా తెరువు" అని రాస్తాడు. రూమ్ బాయ్‌కి ఏది గుమాస్తా రాసిందో ఏది గెస్టు రాసిందో తెలియదు, చీటీలో ఉన్నదంతా చేసేస్తాడు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటే, ఏం చేయాలో బాయ్‌కి ముందే నోటితో చెప్పేసి, పేరు వేరే కాగితం మీద తీసుకోవడం. ఆ కాగితం మీద గల్లాపెట్టె అని రాసినా, అది ఒక మనిషి పేరు అనుకుంటాడు, అంతే. అన్న కాసేపు ఆలోచించి, "మరి మొదట్నే అట్ల ఎందుకు చేయలేదు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సైట్ మొత్తంలో 73 క్వెరీలు తేలాయి. అన్నీ పీడీఓలోకి (పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతి), ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లలోకి మార్చాను, వాటిని డేటాబేస్ బదులు పీహెచ్‌పీయే అనుకరించే ఎమ్యులేషన్ ఆపేశాను. ఎలాగూ మార్చక తప్పదు. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7లోనే తీసేశారు, మా సైట్ ఇంకా 5.6 మీద నడుస్తోంది, ఆ 5.6కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 చివరితోనే ఆగిపోయాయి. ఒక్క చోట చేయి ఆగింది. అడ్మిన్ లిస్టులో "రేటు ప్రకారం, తేదీ ప్రకారం" అని వరస మార్చే చోట కాలమ్ పేరు బ్రౌజర్ నుంచి వస్తుంది, కాలమ్ పేరును ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో విలువలాగా ఇవ్వడం కుదరదు. అక్కడ అనుమతించిన నాలుగు పేర్లు రాసి, వచ్చింది వాటిలో లేకపోతే తేదీనే వాడమన్నాను. ప్రిపేర్డ్ పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకునేవాళ్లు ఇదొక్కటి వెతికి చూసుకోండి. డేటాబేస్ యూజర్‌కు అప్పటిదాకా అన్ని హక్కులూ ఉన్నాయి, చదవడం, రాయడం, మార్చడం తప్ప మిగతావి పీకేశాను. ఎర్రర్లు పేజీ మీద కాకుండా లాగ్ ఫైల్‌లోకే వెళ్తాయి.

అప్‌లోడ్ సంగతి. "ఇవి వద్దు" అనే జాబితా ఎప్పుడూ ఓడిపోతుంది, "ఇవి మాత్రమే" అనే జాబితా పెట్టాలి. జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ. పేరు మనమే కొత్తగా పెట్టాలి, గెస్టు పెట్టిన పేరు పారేయాలి. బొమ్మను పీహెచ్‌పీలోని బొమ్మల లైబ్రరీ జీడీతో ఒకసారి తెరిచి మళ్లీ సేవ్ చేస్తే లోపల దాచిన సరుకు చాలామటుకు రాలిపోతుంది. ఇన్ని చేసినా ఏదో ఒకటి జారిపోతుందనుకుని, ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవనే నడవకుండా సర్వర్ సెట్టింగ్ పెట్టాను. నిజానికి ఆ సెట్టింగ్ ఒక్కటి 2015లో ఉండి ఉంటే, వాడు అడ్మిన్ దాకా వచ్చినా బూట్ల షాపు పెట్టలేకపోయేవాడు.

పాత ఫైళ్లను శుభ్రం చేసే ఆలోచన మానేశాను. ఫైల్ తేదీలు చూసి కొత్తవి ఏరుదామంటే వాడు వాటిని 2016కి మార్చిపెట్టాడు. నా పాత హార్డ్ డిస్కులో అసలు కాపీ దొరికింది, దాంతో పోల్చితే మారినవి 9, కొత్తగా చేరినవి 4. యూజర్ల టేబుల్‌లో మేం పెట్టని అడ్మిన్ ఒకడు. చివరికి కొత్త హోస్టింగ్ తీసుకుని, సరిచేసిన కోడ్ మాత్రమే అక్కడ ఎక్కించి, డేటాబేస్‌ను కళ్లతో చూసి తరలించాను. పేమెంట్ కీలు, ఎస్‌ఎంఎస్ కీ, మెయిల్ పాస్‌వర్డ్, డేటాబేస్ పాస్‌వర్డ్ అన్నీ కొత్తవి. షెల్, అంటే ఆ దొంగ "ఫొటో" లాగా సర్వర్‌కు ఆజ్ఞలిచ్చే ఫైలు, ఉన్నవాడు ఈ పాస్‌వర్డ్‌లుండే కాన్ఫిగ్ ఫైల్ చదవకుండా పోయాడని అనుకోవడానికి లేదు.

హ్యాకర్ ముట్టుకోనివి

దొంగ వచ్చిన దారి మూసాక, మిగతావి కూడా చూద్దామని నా సైట్‌ను నేనే గెలకడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికినవాటి ముందు బూట్ల షాపు ఎంత చిన్న విషయమో!

నా బుకింగ్ రసీదు లింకులో చివర నంబరు 4312. దాన్ని 4313 చేశాను. విజయవాడ కుటుంబం ఒకటి, నలుగురి పేర్లు, ఫోన్ నంబరు, కింద ఆధార్ కార్డు ఫొటో. ఏ టూలూ లేదు, ఏ ఇంజెక్షనూ లేదు, స్కూలు పిల్లాడు కూడా చేయగలిగే పని. లాగిన్ అయ్యాడా అని అడిగాను గాని, ఈ రసీదు నీదేనా అని ఎక్కడా అడగలేదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఒవాస్ప్ సంస్థ ఇచ్చే టాప్ 10 ప్రమాదాల జాబితాలో 2017లో మొదటి స్థానం ఇంజెక్షన్‌ది, 2021లో అది మూడుకు దిగింది, మొదటి స్థానానికి వచ్చింది ఇదే, హక్కు లేనివాడికి చూపించేయడం. ఆటోమేటిక్ స్కానర్లు కూడా దీన్ని సరిగ్గా పట్టలేవు, 4313 ఎవరిదో స్కానర్‌కేం తెలుసు. ఇప్పుడు ప్రతి రసీదూ లాగిన్ అయినవాడిదేనా అని సర్వర్ చూస్తుంది, లింకులో నంబరు బదులు ఊహించలేని పొడవాటి టోకెన్ ఉంటుంది. ఆధార్ ఫొటోలు 2,600 పైచిలుకు, వెబ్ ఫోల్డర్‌లో బహిరంగంగా పడి ఉన్నాయి. గెస్టు గది ఖాళీ చేశాక సైట్‌లో వాటితో పనేముంది? తొలగించాం, కొత్తవి వెబ్ ఫోల్డర్ బయట ఉంటాయి.

పేమెంట్ ఇంకో తమాషా. గది రేటు 2,400 ఫారంలో దాచిన ఫీల్డ్‌గా వెళ్తోంది. బ్రౌజర్‌లో దాన్ని 1 చేసి పంపితే గేట్‌వే రూపాయి తీసుకుంది, మా సైట్ గది కన్ఫర్మ్ చేసింది. ఇప్పుడు మొత్తం సర్వరే లెక్కకడుతుంది, గేట్‌వే పంపే సిగ్నేచర్ సరిచూసి, డబ్బు ఎంత పడిందో పోల్చాకే గది ఇస్తుంది.

రివ్యూల పేజీలో స్క్రిప్ట్ ట్యాగ్ (బ్రౌజర్‌లో కోడ్ నడిపేది) రాస్తే అది అలాగే నడిచింది. 2005లో మైస్పేస్‌లో సామీ అనే వార్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రామ్) ఒక్క రోజులోపే పది లక్షల ప్రొఫైళ్లకు పాకింది ఇలాంటి సందులోంచే. బయటికి అచ్చేసే ప్రతిచోటా హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ పెట్టాను, లాగిన్ కుకీని స్క్రిప్ట్‌లు చదవకుండా హెచ్‌టీటీపీ ఓన్లీ, వేరే సైట్లు వాడుకోకుండా సేమ్‌సైట్ పెట్టాను, రేటు మార్చే ఫారాలకు అవి మా సైట్ నుంచే వచ్చాయని చూసే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్. పాస్‌వర్డ్‌లు ఎండీ5 నుంచి పీహెచ్‌పీలోని పాస్‌వర్డ్ హాష్ ఫంక్షన్‌లోకి. లాగిన్ తప్పుతూ ఉంటే ఆలస్యం పెంచుతూ పోతుంది. సైట్ ముందు కాపలాగా క్లౌడ్‌ఫ్లేర్ సర్వీసు కూడా పెట్టాం, కానీ అది కొంచెం టైమ్ ఇస్తుంది గాని కోడ్‌ను బాగుచేయదు. సర్వర్ అసలు ఐపీ తెలిసినవాడు దాన్ని తప్పించుకుని నేరుగా వస్తాడు కాబట్టి ఆ దారి కూడా కట్టేయాలి.

అన్నీ అయ్యాక రిసెప్షన్‌కు పోతే, మానిటర్ అంచుకు పసుపు చీటీ మీద అడ్మిన్ పాస్‌వర్డ్ అంటించి ఉంది. కొత్తదే! మూడు షిఫ్టుల వాళ్లకూ ఒకటే లాగిన్. ఎవరి లాగిన్ వాళ్లకు చేసి, ఓటీపీ యాప్ ఫోన్లలో ఎక్కించేసరికి సాయంత్రమైంది, అందరూ నన్ను తిట్టుకున్నారు.

అసలు గొడవ గెస్టులకు చెప్పే దగ్గర వచ్చింది. "పరువు పోతాది, వద్దప్పా" అన్నాడు అన్న. ఉన్న నెల లాగ్‌లలో ఎవరూ రసీదులు వరసగా లాగిన జాడ లేదు, అంతకు ముందు లాగ్‌లే లేవు, దొంగేమో సర్వర్ లోపలే కొన్ని రోజులు ఉన్నాడు. ఇంత జరిగాక ఏమీ పోలేదని ఎలా చెబుతాం? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఆ ఆరు గంటలు నేను గచ్చు కడుగుతున్నప్పుడే దాటిపోయాయి. ఆలస్యంగానైనా మెయిల్ పెట్టాం. గెస్టుల విషయంలో మాత్రం రెండు రోజులు మాటల్లేవు మా మధ్య. చివరికి వదినమ్మ, "మన ఆధార్ ఇట్ల యాడో పోయుంటే చెప్పకపోతే ఊరుకుంటావా?" అని అడిగిందట. మూడో రోజు ఎస్‌ఎంఎస్ పంపాం: ఏం జరిగింది, ఏమేం పోయి ఉండొచ్చు, ఓటీపీ అడిగితే ఇవ్వకండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. భయపడినంత ఏమీ కాలేదు, పదకొండు మంది ఫోన్ చేశారు, ఇద్దరు గట్టిగా తిట్టారు, ఒకాయన గరుడ సేవ రోజుకు గది ఉందా అని అడిగాడు.

గూగుల్‌లో జపనీస్ పేజీలు పోవడానికి ఇంకా టైమ్ పట్టింది. అవన్నీ 410, అంటే ఈ పేజీ ఇక లేదు, అని చెప్పేలా పెట్టి, సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో రివ్యూ అడిగాం. సైట్ హ్యాక్ అయిందన్న గూగుల్ హెచ్చరిక త్వరగానే పోయింది గాని పాత లింకులు బ్రహ్మోత్సవాలు అయ్యేదాకా అక్కడక్కడా తగులుతూనే ఉన్నాయి.

బిల్లు వేయలేదు, కొత్త హోస్టింగ్ డబ్బు మాత్రం అన్న కట్టాడు. ఇప్పుడు లాగ్‌లు రోజూ నా దగ్గరకు కాపీ అవుతాయి. గది పేజీకి %27 ఇంకా వస్తూనే ఉంది, వారానికి నాలుగైదు సార్లు, జవాబు 404. కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పుల టాక్సీ బుకింగ్ పేజీ ఒకటి మిగిలింది, అది ఇంకెవరో రాసిచ్చింది, లోపల ఇంకా పాత ఫంక్షన్లే. దాన్ని సైట్ నుంచి ఊడబీకి పెట్టాను. "సీజన్‌లో టాక్సీ పేజీ లేకపోతే ఎట్లప్పా" అని అన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఆదివారం కూర్చుని మొత్తం కొత్తగా రాస్తానన్నాను, అప్పటిదాకా అక్కడ డ్రైవర్ ఫోన్ నంబరే ఉంటుంది.